మూడు పోట్ల రాయితీ

నా ఎడమ భుజానికి ధర పలికింది.

అరవై మూడేళ్లుగా చేతిసంచీ తగిలించుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాని భుజం అది. కావడి మోసింది లేదు, కాడి మోసింది లేదు. ఇప్పుడు దాని మీద మూడు కరోనా టీకా సూదిపోట్లు ఉన్నాయి గనక, వచ్చే నెల కట్టాల్సిన ఆరోగ్య బీమాలో ఎంతో కొంత తగ్గొచ్చునట. ఈ శుభవార్త మోసుకొచ్చినవాడు మా ఏజెంటు. నాకు బావమరిది వరస. భోగిమంటలో పిడకల దండ పడేసి ఇంకా చేతులు దులుపుకోలేదు, ఫోను మోగింది.

“బావా, మూడు పోట్లూ పడ్డాయా?”

“పడ్డాయిరా.”

“రుజువుందా?”

“భుజం ఉంది.”

“భుజం ఎవుడిక్కావాలి బావా? పీడీఎఫ్ కావాలి.”

పీడీఎఫ్ దగ్గరకి తర్వాత వస్తాను. దాని మీద నాకు చాలా కోపం ఉంది, ఇప్పుడే ఖర్చు పెట్టను.

2023 జనవరిలో, హైదరాబాదులో కూర్చునే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెద్దలు, మూడు డోసులూ వేసుకున్నవాళ్లకి పాలసీ రెన్యువల్లో కాస్త తగ్గించే సంగతి చూడండని బీమా కంపెనీల చెవిన వేశారని పేపర్లు రాశాయో లేదో, మా విజయనగరం మూడు లాంతర్ల దగ్గర టీకొట్టులో తీర్పు వచ్చేసింది. “తగ్గించడం ఏటండీ, వేసుకోనోడి దగ్గర డబలు గుంజాలి. ఆళ్ల నిర్లక్ష్యానికి మనమా కట్టీది?” అన్నాడొక పెద్దమనిషి. రిటైరైన ఉద్యోగి. పింఛనుంది, హెల్త్ కార్డుంది, పైగా విశాఖపట్నంలో కొడుకు తీసిన పాలసీ ఉంది. చుట్టూ ఉన్నవాళ్లందరూ తలలూపారు. టీ కాస్తున్న కుర్రాడికి మాత్రం ఏ పాలసీ లేదు. వాడు తలూపలేదు. రెండు చేతులా టీ వడగడుతున్నాడు.

రాయితీ వేరు, జరిమానా వేరు అని మా బావమరిది వాదన. ఆషాఢం సేల్లో చీర కొన్న ఏ ఇల్లాలినైనా అడిగి రమ్మన్నాను. ముందు రేటు అటకెక్కిస్తారు, తర్వాత ఎర్ర ఇంకుతో దాన్ని కొట్టేసి కింద ఇంకో అంకె వేస్తారు, మనం మురిసిపోయి కొంటాం. కంపెనీ తన ఇంట్లో కోళ్లమ్మి మనకి రాయితీ ఇవ్వదు కదా. మూడు పోట్లవాడికి తగ్గిన రూపాయి రెండు పోట్లవాడి జేబులోంచి రావాలి, ఒక్క పోటువాడి జేబులోంచి ఇంకాస్త ఎక్కువ రావాలి. పౌడరు రాసుకున్నంత మాత్రాన జరిమానా మొహం మారదు.

ఈ తెలివి మనవాళ్లకి పుట్టింది కాదులెండి, దిగుమతి సరుకే. 2021 ఆగస్టులో అమెరికాలో డెల్టా ఎయిర్‌లైన్స్ వారు, టీకా వేసుకోని తమ ఉద్యోగుల ఆరోగ్య బీమాకి నెలకి 200 డాలర్లు అదనమన్నారు. వైరస్ రకం పేరూ డెల్టాయే, కంపెనీ పేరూ డెల్టాయే. రెంటిలో ఏది ఎక్కువ వసూలు చేసిందో ఆ ఉద్యోగులే చెప్పాలి. సింగపూరు అదే ఏడాది డిసెంబరు నుంచి, కావాలని టీకా మానినవాళ్లు కరోనా బిల్లు తామే కట్టుకోవాలంది. కెనడాలో క్యూబెక్ ప్రభుత్వాధినేత ఫ్రాంస్వా లెగో 2022 జనవరిలో ఆరోగ్య పన్ను అని ఉరిమి, మూడు వారాలకే చల్లబడ్డాడు. కేరళలో 2021లో ముఖ్యమంత్రిగా పినరయి విజయన్ టీకా వద్దన్నవాళ్లకి ఉచిత కరోనా వైద్యం లేదన్నారు. తెలంగాణలోనైతే 2021 అక్టోబరులో, టీకా లేకపోతే రేషన్ బియ్యమూ పింఛనూ ఆగిపోతాయని ఒక పెద్ద అధికారి మాటగా టీవీలన్నీ మోగాయి. ఆ వెంటనే, అబ్బే, నేనలా అనలేదన్నారు. అన్నా అనకపోయినా ఊళ్లలో ముసలివాళ్ల గుండెలు మాత్రం ఒకసారి జారి వచ్చాయి.

ఇక సుప్రీంకోర్టు 2022 మే 2న, జాకబ్ పులియెల్ కేసులో, ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకోమనకూడదంది. బలవంతం వద్దన్నారు సరే, బేరం వద్దనలేదుగా అని మనవాళ్లు పట్టుకున్నారు.

కొందరు పాఠకులు ఈపాటికి కలం తీసి ఉంటారు, వీడెవడో టీకా వ్యతిరేకి అని. మూడు పోట్లూ నేనే వెళ్లి పొడిపించుకున్నాను మహాప్రభో. మొదటి పోటుకి తెల్లారగట్ల నాలుగింటికి వెళ్లి చెప్పులు వరసలో పెట్టి వచ్చాను. టీకా మంచిదే. నా గొడవ సూదితో కాదు, సూది పట్టుకుని గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడితో.

ఇప్పుడు పీడీఎఫ్.

టీకా ఒంట్లోకి వెళ్లడం ఒక ఎత్తు, కాగితంలోకి వెళ్లడం ఇంకో ఎత్తు. ఒంట్లోకి వెళ్లడానికి ఒక నర్సమ్మ చాలు. కాగితంలోకి వెళ్లాలంటే ఆధారు కావాలి, ఫోను కావాలి, ఓటీపీ కావాలి, సిగ్నలు కావాలి. టీకా పోర్టల్లో ఒక ఫోను నంబరు మీద మొదట నలుగురికే చోటిచ్చారు. 2022 జనవరిలో దయతలచి ఆరుగురన్నారు. మా వైపు పల్లెల్లో నలుగురికో ఫోను ఉండడం కాదు, వీధికో ఫోను. అదీ వలస వెళ్లిన కొడుకు పండక్కి వచ్చినప్పుడే వీధిలో ఉంటుంది.

శ్రీకాకుళం తీరంలో వేట మీద గుజరాత్ వెళ్లే మత్స్యకారుణ్ణొకణ్ణి ఎరుగుదును. వేరావల్లో బోటెక్కకముందు మొదటి పోటు పొడిచారు. ఫోను నంబరు బోటు మీద ఇంకెవరిదో. వేట ముగిసి ఇంటికొచ్చాక ఊళ్లో రెండోది పొడిచారు. ఈసారి నంబరు పక్కింటి కుర్రాడిది. కంప్యూటరు ఏమనుకుంది? ఇది కొత్త మనిషి, దీనికిదే మొదటి పోటు అనుకుంది. ఇప్పుడు ఆయన ఒంట్లో రెండు డోసులున్నాయి. కాగితంలో ఇద్దరు మనుషులున్నారు, తలకో పోటుతో. ఏ ఒక్కరికీ రెండోది పడలేదు గనక మూడోది ఎవరికీ రాదు.

“నాను ఒక్కన్నే బావూ. రెండు పోట్లూ నాకే పొడిసినారు. కాయితంల ఇంకొకడు ఎవుడున్నాడో నాకేటి తెల్సు?” అన్నాడు. నాకూ తెలియదు. కానీ ఆ రెండోవాడు ఎక్కడున్నా నిర్లక్ష్యపరుడే, టీకొట్టు పెద్దమనిషి లెక్కలో.

పేర్ల బాధ వేరే. ఉత్తరాంధ్రలో గోనెసంచి విసిరితే ముగ్గురు అప్పారావుల మీద పడుతుంది. అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనర్సయ్య, పైడిరాజు, పైడితల్లి. ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అన్నది పోర్టలుకీ ఆధారుకీ మధ్య తేలని తగువు. ఇక సింహాచలం అన్న పేరు ఆడవాళ్లకీ ఉంటుంది, మగవాళ్లకీ ఉంటుంది. మా ఇంట్లో పనిచేసే సింహాచలం రెండో పోటు నాటికి కాగితంలో మగాడైపోయింది. సరిచేయించుకోమన్నాను. “ఒగ్గీండి బావూ, మగోడికైతే కూలెక్కువిస్తారు” అంది.

నా సర్టిఫికెట్ కూడా తీసి చూశాను. సూది పొడిచిన నర్సమ్మ పేరు చీమ తలకాయంత. ప్రధానమంత్రిగారి బొమ్మ, పక్కన సందేశంతో సహా, నిండుగా. నాకు టీకా ఎవరు వేశారని వందేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే చరిత్రకారులు తికమకపడతారు.

వీటన్నిటికంటే మా పెద్దమ్మ కథ గొప్పది. ఆవిడకి మొదటి పోటు పడింది. 2021 ఆషాఢంలో, కరోనాతో కాదు, వయసుతో, నిద్రలోనే పోయింది. పన్నెండో రోజూ అయింది, మాసికాలూ నడుస్తున్నాయి. దసరాలకి ముందు ఒక మధ్యాహ్నం ఆవిడ ఫోను టింగుమంది. ఫోను నా దగ్గరే ఉంది. మీకు రెండో డోసు విజయవంతంగా వేయబడింది, అభినందనలు అని. లింకు నొక్కితే కాగితం కూడా వచ్చింది, క్యూఆర్ కోడుతో. ఎక్కడ వేశారో, ఎవరు వేశారో, ఏ భుజానికి వేశారో మాకు తెలియదు. ఆ రోజు ఎవరికో లెక్క తక్కువైంది, మా పెద్దమ్మ పైనుంచి దిగివచ్చి పూర్తిచేసింది. బతికున్నన్నాళ్లూ అంతే, పక్కవాళ్లకి ఇబ్బందంటే ఆగేది కాదు.

ఈ కాగితాల మీద ప్రీమియం లెక్క కడతారు. రెండు పోట్లు పొడిపించుకున్న మత్స్యకారుడు సగం మనిషి, చచ్చిపోయిన మా పెద్దమ్మ నిండు మనిషి.

మూడోదాని సంగతికి వస్తే, అరవై దాటిన నాబోటివాడికి ఉచితంగా వేశారు. 18 నుంచి 59 మధ్యవాళ్లకి ఉచితం రెండున్నర నెలలే, 2022 జూలై 15 నుంచి సెప్టెంబరు 30 వరకు. ఆ రోజులేమిటో ఢిల్లీలో ఎవరికైనా తెలుసా? మాకు ఉడుపుల రోజులు. మోకాలు లోతు బురదలో వంగి ఉన్నవాడు ఒక పూట కూలి వదులుకుని, ఒళ్లునొప్పులకి రెండు పూటలు వదులుకుని సూదికి వెళ్లాలి. గడువు దాటితే అప్పట్లో ప్రైవేటులో 225 రూపాయలు, పైన సర్వీసు చార్జీ 150 దాకా ఉండేది. ఆ తర్వాత 2023లో ముక్కులో చుక్కలన్నారు, ప్రైవేటులో 800. అదీ వేసుకోనివాడికి రేపు ఇంకో రేటు.

“పొగతాగేవాడి దగ్గర ఎక్కువ తీసుకోవడం లేదా బావా? ఇదీ అంతే” అన్నాడు మా వాడు. లోడింగు అంటారట దాన్ని, లారీకి చెప్పినట్టు. సరే, ఆ పొగ గడే చూద్దాం. రోజుకి ఎన్ని సిగరెట్లు అని అడుగుతుంది ఫారం. మా పెద్దమ్మ సిగరెట్ ముట్టలేదు. ఆవిడది అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి, పొయ్యి దగ్గర పప్పు తిప్పుతూ తాగేది. మన తీరం పొడుగునా, పల్లెల్లో, ఎందరు అమ్మలు అలా తాగారు! అంగిట్లో పుండు పడి, అది క్యాన్సరై ఎందరు పోయారు! డాక్టర్లు దశాబ్దాల కిందటే శ్రీకాకుళం వచ్చి నోళ్లు తెరిపించి చూసి పరిశోధనలు రాసుకెళ్లారు. ఈ ఫారంలో అడ్డపొగకి గడి ఎక్కడుంది? నిప్పు లోపలా బయటా అని అడిగే ఏజెంటు ఎవడు? అడగరు. ఎందుకంటే ఆ అమ్మలు వాళ్ల ఖాతాదారులు కారు. ఫారం తయారుచేసినవాడి కళ్లకి వాళ్లు ఎన్నడూ ఆనలేదు.

పోనీ, ఎవరి తప్పుకి వారే కట్టాలి, అదే కదా సూత్రం? ఆ సూత్రం పట్టుకుని పలాసలో రైలు దిగండి.

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు తిరగండి. ఇంటి చుట్టూ కొబ్బరి, జీడి. చూస్తే కోనసీమలా ఉంటుంది. లోపల మంచం మీద మనిషి కాళ్లు వాచి ఉంటాడు. దశాబ్దాలుగా ఈ ఉద్దానంలో కిడ్నీలు పోతున్నాయి. తాగే నీళ్లన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఎక్కడెక్కడి డాక్టర్లో వచ్చి రక్తం పట్టుకెళ్లారు, మూత్రం పట్టుకెళ్లారు, నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. ఇదీ కారణం అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. డయాలసిస్ వాళ్లకి నెలకి పదివేల పింఛనొస్తోంది. హిరమండలం నుంచి మంచినీళ్ల పైపులు వచ్చాయి. పలాసలో 200 పడకల ఆసుపత్రి లేచింది. మంచిదే, ఆలస్యమైనా మంచిదే. మరి బీమా? ముందే ఉన్న జబ్బు గనక నాలుగేళ్ల దాకా ఆగాలి అనేది 2023లో పాలసీ పుస్తకం. వారానికి రెండుసార్లు రక్తం కడిగించుకుంటే తప్ప బతకనివాడు నాలుగేళ్లు ఎక్కడ ఆగుతాడు?

ఆ మనిషి ఏ సూది మానేశాడు? ఏ తప్పు చేశాడు? నువ్వు తప్పు చేయలేదు గనక నీకు రాయితీ అని ఏ కంపెనీ అయినా ఉద్దానానికి ఒక్క ఉత్తరం రాసిందా? తప్పున్నచోట ధర పెంచడం తెలిసినవాళ్లకి తప్పు లేనిచోట తగ్గించడం ఎందుకు తెలియదు? అక్కడ కూడా పెంచడమే, లేదా తలుపు మూయడమే. అంటే లెక్క తప్పొప్పులది కాదు. ఖర్చు వచ్చే మనిషిని గుమ్మంలోనే గుర్తుపట్టి ఆపడం, ఆపినందుకు ఒక నీతిమాట చెప్పడం. ఆ నీతిమాటే నాకు ఒళ్లు మండిస్తున్నది.

నిర్లక్ష్యం అంటున్నారు. 2020 జూన్‌లో ఇదే పలాసలో, కరోనా భయంతో, ఒక మనిషి శవాన్ని జేసీబీలో వేసి తీసుకెళ్లారు. 2021 ఏప్రిల్‌లో మందస వైపు ఒక తల్లి చనిపోతే, అంబులెన్సు దొరక్క, ఇంటివాళ్లు ఆవిడ దేహాన్ని మోటారుసైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఊరికి తెచ్చుకున్నారు. అప్పటికి టీకా నలభై అయిదు దాటినవాళ్లకే, అదీ స్టాకున్న పూటే. ఎవరి నిర్లక్ష్యం అది? స్టాకు వచ్చాక ఏమైంది? 2021 జూన్ 20న ఒక్కరోజులో రాష్ట్రంలో 13 లక్షల మందికి పైగా టీకా వేయించుకున్నారు. సూది చూసి పారిపోయే జనమైతే ఆ వరసలు ఎక్కడివి?

సాలూరు, పాచిపెంట, గుమ్మలక్ష్మీపురం కొండల మీద, నిండు చూలాలిని డోలీ కట్టి దింపుకునే ఊళ్లకి, ఐసు పెట్టె తగిలించుకుని ఏఎన్ఎంలు, ఆశాలు ఎక్కారు. వాళ్ల భుజాలకి ధర కట్టిన కంపెనీ ఒక్కటీ లేదు. కొఠియా ఊళ్లయితే ఆంధ్రవో ఒడిశావో రెండు సర్కార్లూ ఇంకా తేల్చుకోలేదు, అక్కడివాడి పోటు ఎవరి లెక్కలో రాశారో.

మా అమ్మ చెప్పేది, టీకాలవాళ్లొస్తున్నారంటే పిల్లల్ని గడ్డివాముల చాటున దాచేవారట, అమ్మవారు పోస్తే అమ్మవారికే మొక్కాలి గాని చేతి మీద మచ్చ పొడిపించుకోకూడదని. దాక్కున్నవాళ్లని వెతుక్కుంటూ ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరిగారు. 1975కి దేశంలో మశూచి లేకుండా పోయింది. పోలియో చుక్కలు బస్టాండులో వేశారు, రైలు పెట్టెలో వేశారు, ఇటుక బట్టీల్లో వేశారు. ఆఖరి కేసు 2011 జనవరి 13న, హౌరాలో. ఎవరి ప్రీమియం పెంచి దాన్ని తరిమారు?

నా పాలసీలో నాలుగు రూపాయలు తగ్గితే నీకేం నొప్పి అని మా ఇంట్లో అడిగారు. నొప్పి నా పాలసీ గురించి కాదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, అనంతపురం, మహబూబ్‌నగర్‌లతో పాటు. అప్పుడూ నడిపింది బీమా కంపెనీయే, ప్రీమియం సర్కారు కట్టింది. తెల్లకార్డు చూశారు గాని చొక్కా విప్పించి భుజం చూడలేదు. ఇవాళ నాబోటి పింఛనుదారు పాలసీలో ముద్దుగా మొదలైన ఈ గడి, రేపు ఆ కార్డు మీదకి దిగదని ఎవరు హామీ? బియ్యానికీ సూదికీ ముడిపెట్టే మాట ఒకసారి గాల్లోకి వచ్చి వెళ్లిందని పైనే చెప్పాను. వచ్చినదారి దానికి తెలుసు.

అన్నట్టు, బీమా కంపెనీల చెవిన వేసిన ఆ సలహాల్లోనే ఇంకో ముక్క ఉందట, క్యాష్‌లెస్ పాలసీ ఉన్న కరోనా రోగి దగ్గర ఆసుపత్రులు డిపాజిట్ అడక్కుండా చూడమని. అది కదా మొదటి వాక్యం కావలసింది! 2021 మేలో మా తమ్ముడి చేతిలో పాలసీ కార్డు ఉండగానే మరదలు గాజులు తాకట్టుకెళ్లాయి. ఏ ఆసుపత్రో ఇక్కడ రాయను.

ప్రీమియం మీద జీఎస్టీ మాత్రం 2023లో 18 శాతం, మూడు పోట్లవాడికీ పోటు లేనివాడికీ ఒకటేగా ఉండేది. ఈ దేశంలో సమానత్వం ఎక్కడుందని ఎవరైనా అడిగితే ఆ రసీదు చూపిస్తాను.

కనుమ నాడు మా బావమరిది స్వయంగా వచ్చాడు. మా ఆవిడ గారెలు పెట్టింది. నాలుగోది తుంచుతూ, “పీడీఎఫ్ పంపలేదు బావా” అన్నాడు. లోపలికి వెళ్లి పెద్దమ్మ ఫోను తెచ్చి చేతిలో పెట్టాను. క్యూఆర్ కోడు వాడే పెద్దది చేసి చూశాడు. పేరు చదివాడు. తేదీ చదివాడు.

“ఆవిడ అప్పటికే పోయారు కదా?”

“కాగితంలో పోలేదు.”

కాసేపు ఆలోచించాడు. “అయినా ఆవిడ పేరు మీద పాలసీ లేదు కదా బావా.”

“లేదురా. రాయితీ ఉంది.”

అయిదో గారె తీసుకున్నాడు.